ఇరవై వేల జన్యువులతో కోట్ల రకాల యాంటీబాడీలు ఎలా? తొనెగావా గురించి తెలుగులో చెప్పగలరా

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారం. నేను బీఎస్సీ జువాలజీ చివరి సంవత్సరం. క్లాసులో ఇంగ్లీషు, క్లాసు బయట ఒడియా, ఇంటికొస్తే తెలుగు. పోయిన వారం పాఠంలో సుసుము తొనెగావా పేరు వచ్చింది. "1987 నోబెల్, యాంటీబాడీ జన్యువుల కూర్పు మారడం" అని ఒక్క లైను రాయించి సర్ ముందుకెళ్లిపోయారు. పరీక్షకి అది చాలు. ఆ రాత్రి మా అమ్మమ్మ "ఇయ్యాల ఏటి సదివినావే?" అని అడిగితే రెండు వాక్యాలు కూడా చెప్పలేకపోయాను. నాకే అర్థం కాలేదని అప్పుడు తెలిసింది.

మనిషికి జన్యువులు సుమారు 20,000. ఒంట్లో ప్రతి కణంలోనూ అదే డీఎన్‌ఏ అని చదువుకున్నాం. ఎప్పుడూ చూడని క్రిమికి సరిపోయే యాంటీబాడీ కూడా ఒంట్లో ముందే ఉంటుందనీ, అలాంటివి కోట్ల రకాలనీ చదువుకున్నాం. ఈ మూడూ ఒకేసారి నిజం ఎలా అవుతాయి? ఈయన ఏం చేసి తేల్చారు?

గుణుపురం మాస్టారు:

అమ్మా, నీ మూడు మాటల్లో ఒకటి తప్పు. ప్రతి కణంలోనూ అదే డీఎన్‌ఏ అన్నదే ఆ తప్పు. దాన్ని పట్టి చూపించినవాడు తొనెగావా.

ఆయన ఈ రంగంలోకి వచ్చేసరికి జగడం పాతదే. ఒక పక్షం వాళ్లు, కావలసిన జన్యువులన్నీ తల్లిదండ్రుల నుంచే వస్తాయి, వేలకు వేలు ఉంటాయి అనేవారు. రెండో పక్షం వాళ్లు, వచ్చేవి కొద్దే, పుట్టాక ఒంట్లో మారతాయి అనేవారు. మొదటి పక్షానికి మింగుడుపడని సంగతి ఒకటుంది. యాంటీబాడీలో బరువు గొలుసు, తేలిక గొలుసు అని రెండు రకాల ప్రోటీన్ గొలుసులుంటాయి. తేలిక గొలుసు తీసుకుంటే ఒక సగం రకరకాలుగా మారుతుంది, రెండో సగం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. వేల జన్యువులుంటే ఆ రెండో సగం అన్నిటిలోనూ తరతరాలుగా అచ్చం అలాగే ఎలా నిలిచింది? 1965లో డ్రేయర్, బెన్నెట్ అనే ఇద్దరు, ఒక గొలుసుకి రెండు జన్యువులు ఉండి ఎక్కడో కలుస్తాయేమో అని రాశారు. చేతిలో రుజువు లేదు. జన్యువు ఉన్నచోటు నుంచి కదలదని నమ్మే రోజులవి, చాలామందికి నచ్చలేదు.

ఇక మనిషి సంగతి. 1939 సెప్టెంబరు 5న నగోయాలో పుట్టాడు. తండ్రి బట్టల మిల్లుల కంపెనీలో ఇంజనీరు. మిల్లులు పల్లెటూళ్లలో ఉండేవి, బదిలీ అయిన చోటల్లా కుటుంబం మూటాముల్లె సర్దుకుని వెళ్లేది. క్యోటో విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్ష మొదటిసారి తప్పాడు. మా ఇంటికి వచ్చే పిల్లల్లో ఎంట్రన్సు పోయినవాళ్లకి నేను ముందు చెప్పే మాట ఇదే. రెండోసారి సీటు వచ్చింది, 1963లో కెమిస్ట్రీ డిగ్రీ పూర్తయింది. ఫ్రాన్సులో జాకబ్, మోనో జన్యువుల మీద రాసిన పరిశోధనలు చదివి మనసు అటు తిరిగింది. క్యోటోలో గురువే, ఇక్కడ ఈ చదువుకి వసతులు లేవు, అమెరికా వెళ్లు అని పంపాడు. శాన్ డియాగోలో 1968లో పీహెచ్‌డీ, ఆ తరవాత సాల్క్ సంస్థలో డల్బెకో దగ్గర పని.

ఇంతలో వీసా గడువు 1970 చివరికి అయిపోవచ్చింది, అమెరికా వదలాలి. డల్బెకోనే, స్విట్జర్లాండ్‌లో బాసెల్ అనే ఊళ్లో ఇమ్యునాలజీ, అంటే రోగనిరోధక శక్తిని చదివే శాస్త్రం, దాని సంస్థ కొత్తగా తెరిచారు, అక్కడ చూడు అని ఉత్తరం రాశాడు. 1971లో వెళ్లాడు. సంస్థ నిండా ఇమ్యునాలజీ వాళ్లే, ఈయనకి ఆ శాస్త్రం రాదు. డీఎన్‌ఏని కోసి కొలిచే పని మాత్రం వచ్చు. అక్కడివాళ్లు ఏళ్ల తరబడి వాదించుకుంటున్న ప్రశ్నకి ఆ పనే కావలసి వచ్చింది.

రాయగడ ల్యాబ్:

మాస్టారూ, పట్టి చూపించాడన్నారు. ఎలాగ? రోజూ మలేరియా స్లైడ్లు చూసే పని నాది, డీఎన్‌ఏ ముక్కల్ని పొడవు వారీగా విడదీసే జెల్ ఎప్పుడూ నడపలేదు. వాళ్ల కంటికి ఏం కనిపించిందో చెప్పండి.

గోపాల్‌పూర్ గాలి (బరంపురం):

ఇది నేను చెప్తాను, నా పరిశోధన ఈ కణాల మీదే.

రెండు రకాల డీఎన్‌ఏ తీసుకున్నారు. ఒకటి ఎలుక పిండం నుంచి, అంటే ఇంకా యాంటీబాడీ చేయడం మొదలెట్టని కణాలు. రెండోది యాంటీబాడీని గుట్టలుగా చేసే ఎలుక కణితి నుంచి. రెండిటినీ ఒకే కత్తెర ఎంజైమ్‌తో ముక్కలు చేశారు. ఈ ఎంజైమ్ ఫలానా అక్షరాల వరస కనపడిన చోటే కోస్తుంది, కాబట్టి ఒకే డీఎన్‌ఏ అయితే ఎక్కడి నుంచి తెచ్చినా ముక్కల పొడవులు ఒకటే రావాలి. ముక్కల్ని జెల్‌లో కరెంటు పెట్టి నడిపారు. చిన్నవి దూరం పోతాయి, పెద్దవి వెనకబడతాయి. తరవాత జెల్‌ని పొడుగునా అడ్డంగా ముక్కలుగా కోసి, ఒక్కోదాంట్లోంచి డీఎన్‌ఏ బయటికి తీసి, రేడియోధార్మిక ఆర్‌ఎన్‌ఏతో జాడ పట్టారు. ఆర్‌ఎన్‌ఏ అంటే జన్యువుకి నకలు లాంటిది, తన జన్యువు ఉన్న ముక్కకే అతుక్కుంటుంది. ఎంత చాకిరీయో ఆలోచించండి. ఇప్పుడు నేను పొద్దున మొదలెట్టి సాయంత్రానికి చూసేస్తున్నాను.

జాడ పట్టే ఆర్‌ఎన్‌ఏ రెండు రకాలు. ఒకటి గొలుసు మొత్తానికి, రెండోది మారని సగానికి మాత్రమే. పిండం డీఎన్‌ఏలో, మొత్తం గొలుసు ఆర్‌ఎన్‌ఏ రెండు చోట్ల అతుక్కుంది. సగం ఆర్‌ఎన్‌ఏ ఆ రెండిట్లో ఒక్కచోటే అతుక్కుంది. అంటే మారే భాగం ఒక ముక్కలో, మారని భాగం ఇంకో ముక్కలో, విడివిడిగా ఉన్నాయి. కణితి డీఎన్‌ఏలో రెండు ఆర్‌ఎన్‌ఏలూ ఒకేచోట అతుక్కున్నాయి. అది పిండంలో కనిపించిన రెండు చోట్లలో ఏదీ కాదు, కొత్త చోటు, ఆ రెండు ముక్కలకన్నా చిన్న ముక్క. దూరంగా ఉన్న రెండు భాగాలు ఆ కణంలో దగ్గరికొచ్చి కలిశాయన్నమాట. తొనెగావాతో కలిసి పనిచేసిన హొజుమి, తొనెగావా ఇద్దరి పేర్లతో 1976లో అచ్చయింది.

జయపురం సంత:

నాకు సైన్సు పెద్దగా రాదు, తప్పుంటే దిద్దండి. మామూలు ఎలుక రక్తం తీస్తే పోయేదానికి కణితి ఎందుకు? కణితి అంటేనే పాడైన కణం కదా, అందులో డీఎన్‌ఏ చెదిరి ఉంటే అది రోగం వల్ల అనుకోవచ్చు కదా?

గోపాల్‌పూర్ గాలి (బరంపురం):

సైన్సు రాదని అనకండి, ఆ రోజుల్లో నిపుణులు అడిగిన ప్రశ్నే ఇది. మామూలు రక్తంలో ఒక్కో కణం తన డీఎన్‌ఏని ఒక్కోలా కోసుకుని ఉంటుంది. లక్ష కణాలు కలిపితే లక్ష పొడవులు, జెల్ మీద ఏదీ తేలదు. కణితి మొత్తం ఒకే ఒక్క కణం సంతానం, కాబట్టి అన్నిట్లో ఒకే కోత. అందుకే అది కావలసి వచ్చింది.

మీ అనుమానం రెండో సగం నిజమే. ఒక్క జెల్‌తో అది తీరలేదు. తరవాత రెండేళ్లలో తొనెగావా బృందం యాంటీబాడీ జన్యువుల్నే విడదీసి అక్షరం అక్షరం చదివింది. అమెరికాలో గిల్బర్ట్, మాక్సామ్ కనిపెట్టిన చదివే పద్ధతి అందుకు సాయపడింది. అప్పుడే 'వీ' అనే మారే భాగానికీ మారని భాగానికీ నడుమ 'జే' అనే చిన్న అతుకు ముక్క బయటపడింది. బరువు గొలుసులో 'డీ' అనే ఇంకో ముక్క కూడా ఉందని 1980 ప్రాంతంలో తేలింది.

ఓనమాలు (రాయగడ):

ఆదివారం పూట మా వీధి పిల్లలకి తెలుగు అక్షరాలు నేర్పుతాను. బడిలో ఒడియా కావడంతో ఇంట్లో మాట్లాడే భాష రాయడం రాదు వాళ్లకి. మీ మాటలు చదువుతుంటే నాకు గుణింతం గుర్తొచ్చింది. హల్లులు కొన్నే, వత్తులు కొన్నే, గుణింతం గుర్తులు కొన్నే. హల్లుకి వత్తు, దానికి గుణింతం తగిలిస్తే వేల అక్షరాలు. 'స్త్రీ' అని రాయడానికి ప్రత్యేకంగా ఒక అచ్చు దిమ్మె ఎవరూ ఇవ్వక్కర్లేదు. వీ, డీ, జే ముక్కలు అలాంటివేనా?

గుణుపురం మాస్టారు:

చాలా బాగా పట్టుకున్నావమ్మా. ఈ మాట నాకు ఇన్నేళ్లలో తట్టలేదు. లెక్క కూడా దాంతోనే చెప్తాను. మనిషి బరువు గొలుసుకి పనికొచ్చే వీ ముక్కలు సుమారు 40, డీ ముక్కలు 23, జే ముక్కలు 6. ఒక్కోదాంట్లోంచి ఒకటి తీస్తే 5,520 గొలుసులు. తేలిక గొలుసు రెండు రకాలు, కప్పా దాదాపు 200, లాంబ్డా దాదాపు 120, మొత్తం 320. ఏ బరువు గొలుసైనా ఏ తేలిక గొలుసుతోనైనా జతపడొచ్చు గనక 17 లక్షలు దాటింది. తల్లిదండ్రులిచ్చింది నూరూ నూటయాభై ముక్కలే.

పోలిక సరిపోని చోటు కూడా చెప్పాలి. మనం అక్షరం రాసినప్పుడు వర్ణమాల చెక్కుచెదరదు. ఆ కణం మాత్రం డీఎన్‌ఏ అనే తన పుస్తకంలో నడుమ పేజీలు కోసి పారేసి రెండు చివర్లు అతికిస్తుంది. పోయిన పేజీలు ఆ కణానికీ దాని సంతానానికీ మళ్లీ రావు.

అతుకు దగ్గర ఇంకో వింత ఉంది. రెండు చివర్లు కలిపేముందు కొన్ని అక్షరాలు చెరిగిపోతాయి, కొన్ని కొత్తవి చేరతాయి. ఆ కొత్తవి తల్లి పుస్తకంలోనూ లేవు, తండ్రి పుస్తకంలోనూ లేవు. లెక్క 17 లక్షల దగ్గర ఆగకుండా కోట్లు దాటిపోయేది దీనివల్లే.

మహేంద్రతనయా, ఇవన్నీ తెలుగులో చెప్పాలన్న కోరిక నీకు పుట్టడం నాకు ఎంతో సంతోషం. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మీది. జనం నోట ఉన్న మాటలోనే చదువు ఉండాలని పోరాడిన మనిషి, సవర పిల్లల కోసం సవర నేర్చుకుని వ్యాకరణం రాసిన మనిషి. 'ప్రతిరక్షకం' అనే పుస్తకాల మాట మీ అమ్మమ్మకి చెప్పకు, యాంటీబాడీ అనే చెప్పు.

జయపురం సంత:

మొత్తం బహుమతి ఈయన ఒక్కడికే ఇచ్చారని చదివాను. హొజుమి ఏమయ్యాడు? ముందే ఊహించిన డ్రేయర్, బెన్నెట్?

గోపాల్‌పూర్ గాలి (బరంపురం):

నాకు అది అన్యాయంగానే తోస్తుంది. అదే 1987లో అమెరికా వాళ్ల లాస్కర్ బహుమతి తొనెగావా, లీరాయ్ హుడ్, ఫిలిప్ లెడర్ ముగ్గురికీ కలిపి ఇచ్చారు. లెడర్ బృందం కప్పా జన్యువుల మీద, హుడ్ బృందం బరువు గొలుసు మీద అదే రోజుల్లో గొప్ప పని చేశాయి. నోబెల్ ముగ్గురి దాకా పంచొచ్చు. ఒక్కడికే ఇవ్వాల్సిన అవసరం ఏముంది? ల్యాబ్‌లో రాత్రులు కూర్చుని జెల్ కోసినవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు. నేనూ రేపు ఆ వరసలోనే ఉంటాను, అందుకే గట్టిగా అంటున్నాను.

గుణుపురం మాస్టారు:

నీ బాధ అర్థమైంది బాబూ, హొజుమి పేరు పాఠంలో ఉండాలన్నది నేనూ ఒప్పుకుంటాను. ఈ రోజు నుంచి ఇద్దరి పేర్లూ కలిపే చెప్తాను. బహుమతి విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. 1976కి ముందు అందరి దగ్గరా ఊహలే. జన్యువు కదిలి అతుక్కుంటుందని కంటికి చూపించింది ఆ ప్రయోగం. దాని తరవాత హుడ్, లెడర్ వెళ్లిన దారి అప్పటికే తెరిచి ఉంది.

మల్కన్‌గిరి సిస్టర్:

మాస్టారూ, నేను నర్సుని. కోట్ల రకాలు ముందే ఉంటాయంటున్నారు. మరి మా దగ్గర పిల్లలకి మలేరియా మళ్లీ మళ్లీ ఎందుకు వస్తోంది? పెద్దవాళ్లు తట్టుకుంటున్నారు. పనికి చెన్నై, హైదరాబాద్ పోయి నాలుగేళ్ల తరవాత ఊరికొచ్చిన కుర్రాళ్లు మాత్రం ఘోరంగా పడిపోతున్నారు. 'ఇక్కడే పుట్టినోడిని, నాకేటవుద్ది' అని దోమతెర కట్టుకోరు.

గోపాల్‌పూర్ గాలి (బరంపురం):

అక్కా, మలేరియా తెచ్చే ఫాల్సిపారం పరాన్నజీవి దగ్గర కూడా రకరకాల చొక్కాల పెట్టె లాంటిది ఒకటుంది. ఎర్రరక్తకణం పైకి అది తోసే ప్రోటీన్‌కి సుమారు 60 జన్యువులు, వాటిని 'వార్' జన్యువులంటారు. ఒకసారికి ఒక్కటే తొడుక్కుంటుంది. మన యాంటీబాడీలు దాన్ని గుర్తుపట్టి దెబ్బకొట్టే లోపల కొన్ని ఇంకోటి మార్చుకుంటాయి. పైగా ఆ 60 ఒక్కో పరాన్నజీవి రకంలో ఒక్కోలా ఉంటాయి. అన్నీ చూసి తట్టుకునే శక్తి రావడానికి ఏళ్లు పడుతుంది. పిల్లలకి ఆ ఏళ్లు ఇంకా గడవలేదు. వలస పోయినవాళ్లకి ఏళ్ల తరబడి ఆ పురుగు ఎదురుపడక పట్టు సడలిపోతుంది. 'ఇక్కడే పుట్టాను' అన్న ధైర్యం వాళ్లకి ప్రమాదం. ఊరికి రాగానే దోమతెర, జ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష.

మల్కన్‌గిరి సిస్టర్:

ఒడిశాలో మలేరియా పరీక్షలు చేసే దమన్ క్యాంపుల్లో జ్వరం లేనివాళ్లక్కూడా పరీక్ష ఎందుకని జనం గొడవపడతారు. ఒంట్లో ఉన్నా పైకి కనపడదని చెప్తూనే ఉన్నాను. ఇకమీద ఈ చొక్కాలు మార్చే సంగతి కూడా చెప్తాను.

జయపురం సంత:

ఇంకోటి. డీఎన్‌ఏ కోసుకుంటుందంటే, టీకా వేసుకుంటే అది మన జన్యువులు మార్చేస్తుందని మా సంతలో చెప్పుకునేది నిజమేనా?

గోపాల్‌పూర్ గాలి (బరంపురం):

నిజం కాదు. ఈ కోత ఎముక మజ్జలో, ఏ టీకాతోనూ ఏ క్రిమితోనూ సంబంధం లేకుండా, పుట్టకముందు నుంచే జరుగుతూ ఉంటుంది. ముందే తయారైన కణాల్లో తనకి సరిపోయేదాన్ని టీకా మేల్కొలుపుతుంది, అది పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్ల కణాలు తమ యాంటీబాడీ జన్యువులోనే చిన్నచిన్న మార్పులు చేసుకుని ఇంకా గట్టిగా పట్టుకోవడం నేర్చుకుంటాయి. ఆ మార్పు ఆ కణాలదే, మన పిల్లలకి పోదు. సహజంగా జబ్బు చేసినా జరిగేది ఇదే.

నాగావళి (రాయగడ):

ఇన్నాళ్లూ చదవడమే, ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. ఈ రోజు రాయాలనిపించింది.

మా పిన్ని కూతురికి మేనమామతో పెళ్లి. మొదటి బాబు మూడో నెల నుంచీ న్యుమోనియా, నోట్లో తెల్లపూత, విరేచనాలు. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి తిప్పాం. ప్రతిచోటా మందులిచ్చి పంపారు. పది నెలలకి పోయాడు. చివర్లో చూసిన పెద్ద డాక్టరు, రక్తంలో లింఫోసైట్లు, అంటే ఒంటిని కాపాడే ఒక రకం తెల్లకణాలు, దాదాపు లేవు, ఇది పుట్టుకతో వచ్చిన లోపం అన్నారు. ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. మా చెల్లెలి పాలు పడలేదన్నారు, దిష్టి అన్నారు, అడుగు మంచిది కాదన్నారు. ఆ మాటలు ఆ పిల్ల ఇంకా మోస్తోంది. ఆ కోసే పనిముట్టే లేకుండా పుట్టే పిల్లలు ఉంటారా?

గుణుపురం మాస్టారు:

ఉంటారమ్మా. మీ చెల్లెలికి జరిగినదానికి నా మనసు కలుక్కుమంది.

తొనెగావా కోత ఉందని చూపించాడు, కోసేది ఎవరో ఆయనకి దొరకలేదు. దాన్ని 1989, 1990లలో అమెరికాలో షాట్జ్, ఓటింగర్, బాల్టిమోర్ పట్టుకున్నారు. రాగ్1, రాగ్2 అని రెండు జన్యువులు. అవి పనిచేయకపోతే ముక్కలు కలవవు, యాంటీబాడీ చేసే బీ కణాలూ ఉండవు, ఒంటిని కాపాడే ఇంకో రకమైన టీ కణాలూ ఉండవు. మీ బాబుకి ఉన్నది ఇదేనని నేను అనలేను, ఇలాంటి లోపాలు ఇంకా చాలా ఉన్నాయి. రాగ్ లోపమైతే తల్లి దగ్గర ఒకటి, తండ్రి దగ్గర ఒకటి పాడైన ప్రతి ఉండాలి. వాళ్లిద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు బిడ్డకి రెండూ పాడైనవే రావచ్చు. ఒకే తాత రక్తం రెండు వైపులా ఉన్నప్పుడు ఆ అవకాశం పెరుగుతుంది. మేనరికంలో ఉన్న చిక్కు ఇది. తల్లి పాలకీ అడుగుకీ ఏ సంబంధమూ లేదు. ఈ మాట మీ ఇంటి పెద్దల ముందు నా పేరు చెప్పి చదివి వినిపించు.

గోపాల్‌పూర్ గాలి (బరంపురం):

అక్కా, మీ చెల్లెలు మళ్లీ బిడ్డ కావాలనుకుంటే ముందే జన్యు సలహా ఇచ్చే డాక్టరుకి చూపించండి. ఇలాంటి బిడ్డకి త్వరగా గుర్తిస్తే మూలుగ మార్పిడితో బతికే అవకాశం ఉంది. ఇంట్లో ఒక పసిబిడ్డ ఇలా పోయి ఉంటే, తరవాతి బిడ్డకి బీసీజీ లాంటి బతికున్న క్రిములతో చేసిన టీకా వేసేముందు ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి. రక్షణ కణాలు లేని బిడ్డకి అది ప్రమాదం. మిగతా బిడ్డలందరికీ బీసీజీ తప్పనిసరిగా వేయించాల్సిందే.

నాగావళి (రాయగడ):

ఇప్పుడే చెల్లెలికి ఫోన్ చేసి మొత్తం చదివాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "ఆ మాస్టారి మాట ఇంకోసారి చదువక్కా" అంది. సెలవులకి ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం.

రాయగడ ల్యాబ్:

నోబెల్ తరవాత ఆయన ఏం చేశారు మాస్టారూ?

గుణుపురం మాస్టారు:

1981లోనే బాసెల్ వదిలి అమెరికాలో ఎంఐటీకి వెళ్లాడు. టీ కణాల జన్యువుల మీద కొన్నాళ్లు పనిచేశాడు. తరవాత దారి మార్చి మెదడు మీద, జ్ఞాపకం మీద పడ్డాడు. 2012లో ఆయన బృందం, ఎలుక మెదడులో ఒక భయం జ్ఞాపకాన్ని మోసే కణాల మీద వెలుతురు వేసి ఆ జ్ఞాపకాన్ని లేపి చూపించింది. అదో పెద్ద కథ, వేరే చర్చ మొదలెడితే రాస్తాను.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

రాత్రి అరుగు మీద కూర్చుని అమ్మమ్మకి మొత్తం చెప్పాను. గుణింతం పోలిక వెంటనే అందుకుంది. పేజీలు కోసి పారేస్తుందంటే "అయ్యో" అంది. కాసేపాగి ఒకటి అడిగింది, నాకు జవాబు రాలేదు. "అమ్మది ఒక పుస్తకం, అయ్యది ఒక పుస్తకం అన్నావు కదే, మరి ఆ కణం ఏ పుస్తకం కోస్తాది?"

గుణుపురం మాస్టారు:

అమ్మమ్మ గారికి నా నమస్కారం చెప్పు. బరువు గొలుసు దగ్గర ఒక పుస్తకంలో ముక్కలు కలపడం ముందు పూర్తవుతుంది. అక్షరాలు మూడేసి చొప్పున చదవాలి గనక అతుకు మూడింట రెండుసార్లు తప్పుతుంది. సరిగ్గా పడితే గొలుసు తయారవుతుంది, ఆ కబురు అందగానే రెండో పుస్తకం మూతపడుతుంది. తప్పితే రెండో పుస్తకం తెరుస్తుంది. ముందు అమ్మదా అయ్యదా అన్నది ఏ కణానికా కణమే, అందుకే మన ఒంట్లో కొన్ని కణాలవి అమ్మ యాంటీబాడీలు, కొన్నిటివి అయ్యవి. రెండు పుస్తకాలూ తప్పితే ఆ కణం మజ్జలోనే చచ్చిపోతుంది.